రోజలిండ్ ఫ్రాంక్లిన్: గ్రాంటు ఆగిపోతుందన్న రోజుల్లో

రోజలిండ్ ఫ్రాంక్లిన్ పేరు మీరు వినే ఉంటారు. ఇంటర్ బోటనీ, జువాలజీ చదివినవాళ్లకు డీఎన్‌ఏ పాఠంలో తగిలి ఉంటుంది. మిగతావాళ్లకు ఏ యూట్యూబ్ వీడియోలోనో కనిపించి ఉంటుంది. ఫొటో 51 తీయించింది ఆమె, పేరు వాట్సన్, క్రిక్‌లకు వచ్చింది, నోబెల్ వచ్చేసరికి ఆమె బతికి లేదు.. సాధారణంగా కథ అక్కడితో అయిపోతుంది. కానీ ఆమె పరిశోధన అక్కడితో అయిపోలేదు. డీఎన్‌ఏ వదిలేశాక ఇంకో ఐదేళ్లు వైరస్‌ల మీద పనిచేసింది. తన కెరీర్‌లో గట్టి పని అదేనని నా అభిప్రాయం. ఆ ఐదేళ్లూ ఆమెను వెంటాడిన ప్రశ్న ఒకటుంది. రేపు మీరు బయోటెక్‌లోనో, ఫార్మాలోనో, మెడికల్ రీసెర్చ్‌లోనో అడుగుపెడితే మిమ్మల్నీ వెంటాడేదే: వచ్చే ఏడాది ఈ ల్యాబ్‌కు డబ్బులు ఎవరిస్తారు?

ఆమె కథను ఆ డబ్బుల వైపు నుంచి ఒకసారి చూద్దాం.

1920 జులై 25న లండన్‌లో బాగా ఉన్న కుటుంబంలో పుట్టింది. తండ్రి బ్యాంకింగ్ వ్యాపారంలో ఉన్నాడు. 1938లో కేంబ్రిడ్జ్‌లోని న్యూన్‌హామ్ కాలేజీలో సీటుతో పాటు ఏడాదికి 30 పౌండ్ల చొప్పున మూడేళ్లకు ఒక స్కాలర్‌షిప్ కూడా వచ్చింది. మనకు ఆ డబ్బు అవసరం లేదు, శరణార్థిగా వచ్చిన విద్యార్థి ఎవరికైనా వదిలెయ్యమన్నాడు తండ్రి. అంటే చదువుకునే రోజుల్లో ఆమెకు డబ్బు సమస్యే కాదు. ఇది గుర్తుపెట్టుకోండి. ఎందుకంటే ఇంట్లో ఎంత ఉన్నా ఎక్స్‌రే మిషన్ ఎవరూ సొంత డబ్బుతో కొనుక్కోరు. అసిస్టెంట్లకు సొంత జేబులోంచి జీతాలు ఇవ్వరు. సైన్స్‌లోకి వచ్చాక పెద్దింటి అమ్మాయి అయినా దరఖాస్తు రాసుకోవాల్సిందే.

డిగ్రీ అయ్యాక బ్రిటిష్ ప్రభుత్వ సైంటిఫిక్ అండ్ ఇండస్ట్రియల్ రీసెర్చ్ విభాగం ఇచ్చిన స్కాలర్‌షిప్‌తో నారిష్ అనే ప్రొఫెసర్ దగ్గర చేరింది. ఇద్దరికీ పడలేదు. ఏడాదికే బయటికొచ్చేసింది. అప్పటికి రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది, చదువుకున్నవాళ్లంతా యుద్ధానికి పనికొచ్చే పనేదో చేయాలి. 1942లో బొగ్గు వాడకం మీద పనిచేసే ఒక రీసెర్చ్ సంస్థలో చేరింది. బొగ్గులో ఉండే సన్నటి రంధ్రాల మీద ఆమె చేసిన పనికే 1945లో కేంబ్రిడ్జ్ పీహెచ్‌డీ ఇచ్చింది. బయాలజీకి పేరుపడ్డ మనిషి మొదలైంది బొగ్గుతో! మెకానికల్ చదివి డేటా సైన్స్‌లో తేలినవాళ్లకు ఇది కొంచెం ధైర్యంగా అనిపించాలి.

1947లో పారిస్ వెళ్లింది. అక్కడి ప్రభుత్వ కెమిస్ట్రీ ల్యాబ్‌లో జాక్ మెరింగ్ దగ్గర ఎక్స్‌రే డిఫ్రాక్షన్ నేర్చుకుంది. ఒక పదార్థం మీదికి ఎక్స్‌రేలు పంపితే అవి చెదిరి ఫిల్మ్ మీద మచ్చలుగా పడతాయి. ఆ మచ్చల అమరికను బట్టి లోపల అణువులు ఎలా పేర్చి ఉన్నాయో లెక్కకట్టాలి. ఈ స్కిల్లే ఆమె తర్వాతి జీవితమంతా నడిపింది. పారిస్‌లో ఆమె సంతోషంగా ఉన్న నాలుగేళ్ల గురించి ఎంతైనా చెప్పొచ్చు కానీ మన విషయం అది కాదు.

1951లో లండన్ కింగ్స్ కాలేజీకి వచ్చింది. ఇక్కడ ఒక చిన్న వివరం ఉంది. కెరీర్ కోణంలో అది చాలా పెద్దది. ఆమె కింగ్స్‌కు వచ్చింది మూడేళ్ల టర్నర్ అండ్ న్యూవాల్ ఫెలోషిప్ మీద. అది ఆస్బెస్టాస్ తయారుచేసే ఒక ప్రైవేటు కంపెనీ పేరుతో నడిచే ఫెలోషిప్. ఆమె కూర్చున్న ల్యాబేమో ప్రభుత్వ మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ డబ్బుతో నడుస్తోంది. ల్యాబ్ వాళ్లది, జీతం మాత్రం ఆమె వెంట వచ్చింది. దీని విలువ రెండేళ్లకు తెలిసింది.

కింగ్స్‌లో ఏం జరిగిందో క్లుప్తంగా చెప్తాను. విద్యార్థి రేమండ్ గోస్లింగ్‌తో కలిసి డీఎన్‌ఏ పోగుల ఫొటోలు తీసింది. 1952 మేలో తీసిన ఫొటో 51కి ఒక్కదానికే 60 గంటలకు పైగా ఎక్స్‌పోజర్ ఇచ్చారు. మారిస్ విల్కిన్స్‌తో ఆమెకు అస్సలు సరిపడలేదు. 1953 జనవరిలో ఆ ఫొటోను విల్కిన్స్ ఆమెకు తెలియకుండానే వాట్సన్‌కు చూపించాడు. ఇదంతా మీరు విన్నదే. అంతగా వినని ఇంకో ముక్క ఉంది. ప్రభుత్వ డబ్బుతో నడిచే ల్యాబ్ అన్నాక డబ్బిచ్చినవాళ్లు వచ్చి పని చూస్తారు, రిపోర్టు అడుగుతారు. 1952 డిసెంబర్‌లో మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కమిటీ అలాగే వచ్చింది. కమిటీ కోసం తయారైన రిపోర్టులో ఫ్రాంక్లిన్ కొలతలు కూడా ఉన్నాయి. కమిటీలో ఉన్న మాక్స్ పెరుట్జ్ ద్వారా అది క్రిక్ చేతికి చేరింది. డీఎన్‌ఏలో రెండు పోగులూ ఎదురెదురు దిశల్లో నడుస్తాయని క్రిక్‌కు తట్టింది ఆ కొలతలు చూశాకే. మనం ప్రాజెక్టు స్టేటస్ రిపోర్టు అంటే ఫార్మాలిటీ అనుకుని రాత్రి పన్నెండింటికి ఏదో నింపి పంపేస్తాం కదా.. చరిత్రలో అలాంటి ఒక రిపోర్టు ఇంత పని చేసింది!

డీఎన్‌ఏ పేపర్లు నేచర్‌లో వచ్చింది 1953 ఏప్రిల్ 25న. అప్పటికే ఆమె కింగ్స్ వదిలేసింది. మార్చిలోనే బర్క్‌బెక్ కాలేజీకి, జె.డి.బెర్నల్ డిపార్ట్‌మెంటుకు మారిపోయింది. ఫెలోషిప్ తన వెంటే తీసుకెళ్లింది. ఆమె జీతం కింగ్స్ ప్రాజెక్టుకే కట్టేసి ఉంటే ఏమయ్యేదో ఆలోచించండి. పడనిచోటే పళ్లబిగువున ఉండాలి, లేదంటే ఖాళీ చేతులతో బయటికి రావాలి.

ఇక్కడ ఆగి మన దగ్గర పరిస్థితి ఒకసారి చూసుకోండి. మీరు సీఎస్‌ఐఆర్-యూజీసీ నెట్‌లోనో, డీబీటీ, ఐసీఎంఆర్ పరీక్షల్లోనో జేఆర్ఎఫ్ తెచ్చుకుంటే ఆ ఫెలోషిప్ మీ పేరు మీద వస్తుంది. అదే ఒక ప్రొఫెసర్ ప్రాజెక్టులో జేఆర్ఎఫ్‌గా చేరితే మీ పోస్టు ఆ ప్రాజెక్టుతో పుట్టి ఆ ప్రాజెక్టుతోనే పోతుంది. నోటిఫికేషన్‌లో రెండింటికీ పేరు ఒకటే. నెలకు 37,000 అన్న అంకె కూడా ఒకటే కావొచ్చు. అందుకే ప్రాజెక్టు పోస్టుకు ఇంటర్వ్యూకు వెళ్తే మొహమాటపడకుండా అడగండి: ఈ ప్రాజెక్టు ఎప్పుడు మొదలైంది, ఎప్పుడు ముగుస్తుంది, డబ్బిచ్చే సంస్థ ఏది, ఈ ఏడాది వాయిదా వచ్చిందా? నా ఇంజినీరింగ్ క్లాస్‌మేట్ ఒకడు ఇవేవీ అడగకుండా ఒక ల్యాబ్‌లో చేరాడు. నెలల తరబడి స్టైపెండ్ పడలేదు. రూమ్ రెంట్ మేమందరం తలా కొంత వేసుకుని కట్టాం. వాడిప్పుడు సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ఉన్నాడు, బాగానే ఉన్నాడు. కానీ వాడి చేతిలో ఉన్న సగం ప్రయోగం ఎవరు పూర్తిచేశారో వాడికీ తెలీదు.

మళ్లీ లండన్‌కు వెళ్దాం. బర్క్‌బెక్‌లో ఫ్రాంక్లిన్‌కు ఇచ్చిన చోటు టారింగ్టన్ స్క్వేర్‌లో ఒక పాత ఇల్లు. ఆమె గది పై అంతస్తులో, ఎక్స్‌రే పరికరాలు బేస్‌మెంట్‌లో. రోజూ ఎక్కడం, దిగడం. అక్కడ ఆమె చేపట్టింది టొబాకో మొజాయిక్ వైరస్, పొగాకు ఆకుల మీద మచ్చలు తెచ్చే వైరస్. పొగాకు పండించే ప్రకాశం జిల్లా రైతుల పిల్లలకు ఈ తెగులు సంగతి నేను చెప్పక్కర్లేదు. టర్నర్ అండ్ న్యూవాల్ ఫెలోషిప్ గడువు తీరాక ఆమె పనికి డబ్బిచ్చింది బ్రిటన్ ప్రభుత్వ అగ్రికల్చరల్ రీసెర్చ్ కౌన్సిల్. మొక్కల వైరస్ కాబట్టి వ్యవసాయ పరిశోధన సంస్థ. లాజిక్ సరిగ్గానే ఉంది.

చిక్కంతా ఆ లాజిక్‌లోనే ఉంది. ఆమెకు కావాల్సింది పొగాకు తెగులుకు మందు కాదు. వైరస్ అంటే అసలు ఏమిటి, దాని ప్రొటీన్ ముక్కలు ఎలా పేర్చి ఉంటాయి, లోపల ఆర్‌ఎన్‌ఏ ఎక్కడ కూర్చుంటుంది.. ఇవీ ఆమె ప్రశ్నలు. ఇది బేసిక్ సైన్స్. వ్యవసాయ కౌన్సిల్‌కు రైతుకు పనికొచ్చేది కావాలి. ఎవరి వైపు నుంచి చూస్తే వాళ్లదే రైటు. నేను కౌన్సిల్ వాళ్లను విలన్లుగా చూపించదలుచుకోలేదు. ప్రజల పన్ను డబ్బుకు లెక్క చెప్పాల్సినవాళ్లు వాళ్లు. కాకపోతే ఇలాంటి పని వ్యవసాయమా, వైద్యమా, ఫిజిక్సా అని తేల్చలేకపోతే దాన్ని ఎవరూ తమ ఖాతాలో రాసుకోరు. నేటి ఇంటర్‌డిసిప్లినరీ ప్రాజెక్టులన్నిటికీ ఉన్న తలనొప్పి ఇదే.

ఇంతలో మెల్లగా టీమ్ తయారైంది. ఆరన్ క్లూగ్ దక్షిణాఫ్రికాలో పెరిగిన ఫిజిక్స్ మనిషి, నఫీల్డ్ ఫెలోషిప్ మీద బర్క్‌బెక్‌కు వచ్చాడు. పెళ్లయింది, చిన్న బాబు. 1955లో కెన్నెత్ హోమ్స్, జాన్ ఫించ్ అనే ఇద్దరు విద్యార్థులు చేరారు. డొనాల్డ్ కాస్పర్ అనే అమెరికన్ కూడా కొంతకాలం కలిసి పనిచేశాడు. అదే ఏడాది నేచర్‌లో ఆమె ఒక పేపర్ వేసింది: ఈ వైరస్ కణాలన్నీ ఒకే పొడవు ఉంటాయని. ఆ రంగంలో పెద్దాయన నార్మన్ పిరీ అభిప్రాయానికి ఇది పూర్తిగా ఎదురు. పిరీ పనిచేసేది రోథమ్‌స్టెడ్‌లో, వ్యవసాయ పరిశోధనకు బ్రిటన్‌లో పేరున్న కేంద్రంలో. వ్యవసాయ కౌన్సిల్ డబ్బు మీద బతుకుతూ మొక్కల వైరస్‌లలో పేరు మోసిన పెద్దాయన్ను కాదనడమంటే మామూలు ధైర్యం కాదు. తర్వాత ఆమె చెప్పిందే నిజమని తేలింది.

వైరస్ లోపల బోలుగా ఉంటుందని, ప్రొటీన్ ముక్కలు మెలికల మెట్లలా చుట్టుకుని ఉంటాయని, ఆర్‌ఎన్‌ఏ మధ్య బోలులో కాకుండా ఆ ప్రొటీన్ గోడలోనే ఇమిడి ఉంటుందని ఈ చిన్న గుంపు తేల్చింది. 1956లో ఏడు పేపర్లు, 1957లో ఆరు. ఏ అప్రైజల్‌లోనైనా టాప్ రేటింగ్ రావాల్సిన పని. అయినా గ్రాంటు పొడిగించడానికి, మనుషుల్ని పెంచడానికి కౌన్సిల్ ముందుకు రాలేదు. ఎంత పని చేశారన్నది ఒక ప్రశ్న, అది మా పనేనా అన్నది ఇంకో ప్రశ్న. కౌన్సిల్ రెండోదాని దగ్గరే ఆగిపోయింది. పెర్ఫార్మెన్స్ బాగుంటే ఉద్యోగం పదిలం అనుకునేవాళ్లకు ఈ తేడా వినడానికి కష్టంగానే ఉంటుంది. ప్రాజెక్టు మూతపడి మంచి కోడర్లు బెంచ్ మీదికి వచ్చినప్పుడు మా ఐటీలోనూ కనిపించేది ఇదే.

కంపెనీలో టీమ్ లీడ్‌కు ఈ పరిస్థితి వస్తే ముందు తన రెజ్యూమే అప్‌డేట్ చేసుకుంటాడు. ఫ్రాంక్లిన్‌కు దారులు లేక కాదు. ఆమె పేరు అప్పటికే అట్లాంటిక్‌కు అవతల కూడా తెలుసు. 1954లో, 1956లో అమెరికా తిరిగొచ్చింది. బర్కిలీ వైరస్ ల్యాబ్‌లో వెండెల్ స్టాన్లీ లాంటివాళ్లు ఆమెను సమానంగా చూశారు. కానీ ఆమె వెతికింది టీమ్ మొత్తానికి డబ్బు. క్లూగ్ జీతం, హోమ్స్, ఫించ్‌ల చదువు, పరికరాలు.. అన్నీ కలిపి.

సరిగ్గా అప్పుడే ఇంకో దెబ్బ. 1956 వేసవిలో అమెరికాలో ఉండగానే ఒంట్లో తేడా తెలిసింది. తిరిగొచ్చాక సెప్టెంబర్‌లో ఆపరేషన్. అండాశయ క్యాన్సర్. 36 ఏళ్లు. కోలుకుంటున్న రోజుల్లో కొన్నాళ్లు కేంబ్రిడ్జ్‌లో క్రిక్ దంపతుల ఇంట్లోనే ఉంది, అవును, ఆ క్రిక్ ఇంట్లోనే. ఓపిక రాగానే ల్యాబ్‌కు వచ్చేసింది. అంటే దరఖాస్తుల గొడవ, చికిత్స రెండూ పక్కపక్కనే నడిచాయి. గ్రాంటు దరఖాస్తు ఎప్పుడైనా చూశారా? వచ్చే మూడేళ్లలో ఏం చేస్తారో రాయాలి. తన ముందు ఎంత కాలం ఉందో తెలియని మనిషి మూడేళ్ల ప్లాన్ రాసింది.

ఆ ప్లాన్ పంపింది అమెరికా ప్రభుత్వానికి. నేషనల్ ఇన్‌స్టిట్యూట్స్ ఆఫ్ హెల్త్, ఎన్‌ఐహెచ్. వ్యవసాయ కౌన్సిల్‌కు పట్టని ప్రశ్నను ఆరోగ్య సంస్థకు అర్థమయ్యేలా రాయడం ఇక్కడ అసలు తెలివి. మొక్కల వైరస్ దగ్గర ఆగకుండా జంతువుల, మనుషుల వైరస్‌ల వైపు వెళ్తానంది. మనసులో ఉన్నది పోలియో. అప్పటికి సాల్క్ టీకా వచ్చి రెండేళ్లే అయింది, పోలియో అంటే ఇంకా ఇళ్లల్లో వణుకే. ఇది డబ్బు కోసం వేసిన వేషం అనుకోకండి. మొక్క వైరస్‌లో నేర్చిన పద్ధతి పోలియోకు పనికొస్తుందని ఆమెకు నిజంగానే నమ్మకం.

1957లో ఎన్‌ఐహెచ్ మూడేళ్ల గ్రాంటు మంజూరు చేసింది. అప్పటివరకు బర్క్‌బెక్‌కు వచ్చిన గ్రాంట్లన్నిటిలోకీ పెద్దది. సొంత దేశం కౌన్సిల్ చేయి దులుపుకుంటే పరాయి దేశం ఆదుకుంది. అందులోనూ తమాషా ఏంటంటే డిపార్ట్‌మెంట్ హెడ్ బెర్నల్ పేరు మోసిన కమ్యూనిస్టు, అమెరికా వీసా ఇవ్వడానికి ఇష్టపడని మనిషి. ఆయన డిపార్ట్‌మెంట్‌కే అమెరికా డబ్బు వచ్చింది!

డబ్బు వచ్చాక సమస్యలు తీరిపోలేదు. చంపిన వైరస్‌తో కాకుండా బతికున్న పోలియో వైరస్‌తో పనిచేస్తామనేసరికి కాలేజీలో భయం మొదలైంది. చివరికి బెర్నల్ ఏర్పాటుతో వైరస్‌ను లండన్ స్కూల్ ఆఫ్ హైజీన్ అండ్ ట్రాపికల్ మెడిసిన్‌లో భద్రపరిచారు. 1957 చివరికి ఆమెకు జబ్బు తిరగబెట్టింది. 1958 జనవరిలో మళ్లీ పనికి వచ్చింది. ఏప్రిల్ 16న చనిపోయింది. 37 ఏళ్లు.

మర్నాడు బ్రస్సెల్స్‌లో వరల్డ్ ఫెయిర్ మొదలైంది. సైన్స్ విభాగంలో మనిషెత్తు టొబాకో మొజాయిక్ వైరస్ నమూనా నిలబెట్టారు. ఆమె టీమ్ తయారుచేసిందే.

ఆ ఎన్‌ఐహెచ్ గురించే ఇంకో మాట. ఇప్పుడు మన పిల్లలు లైఫ్ సైన్సెస్‌లో పీహెచ్‌డీకో, పోస్ట్‌డాక్‌కో అమెరికా వెళ్తే వాళ్ల ల్యాబ్‌లలో చాలావాటికి డబ్బిచ్చేది ఈ సంస్థే. 2025లో అక్కడి ప్రభుత్వం నడుస్తున్న ఎన్‌ఐహెచ్ గ్రాంట్లను పెద్ద సంఖ్యలో మధ్యలోనే రద్దు చేసింది. కొన్ని యూనివర్సిటీలు పీహెచ్‌డీ సీట్లు తగ్గించాయి, ఇచ్చిన ఆఫర్లు వెనక్కి తీసుకున్నవి కూడా ఉన్నాయి. అమెరికా సంస్థల ద్వారా విదేశీ ల్యాబ్‌లకు వెళ్లే ఉపగ్రాంట్లను కొత్తగా ఇవ్వడం ఆపారు. ఫ్రాంక్లిన్ 1957లో తట్టిన తలుపు ఇప్పుడు ఎంత తెరుచుకుని ఉందో ఆ ఏడాది అడ్మిషన్ కోసం ఎదురుచూసినవాళ్లను అడిగితే చెప్తారు. మీరు అప్లై చేస్తుంటే యూనివర్సిటీ ర్యాంకు చూసినంత శ్రద్ధగా మీ గైడ్ గ్రాంటు ఏ ఏడాది వరకు ఉందో కూడా చూసుకోండి. ఎన్‌ఐహెచ్ గ్రాంట్ల వివరాలు వాళ్ల రిపోర్టర్ సైట్‌లో అందరికీ కనిపిస్తాయి, పేరు కొడితే చాలు. పది నిమిషాల పని.

ఇక ఫ్రాంక్లిన్ టీమ్ ఏమైంది? నాయకురాలు పోతే గ్రాంటుతో పాటు గుంపు చెదిరిపోవడం మామూలు. ఇక్కడ అలా జరగలేదు. పగ్గాలు క్లూగ్ తీసుకున్నాడు. పోలియో పని ఫించ్‌తో కలిసి పూర్తిచేసి 1959లో నేచర్‌లో వేశారు, ఆమె స్మృతికి అంకితమిచ్చారు. ఆమె రాసిన వీలునామాలో కూడా ప్రధాన లబ్ధిదారు క్లూగే: 3,000 పౌండ్లు, తన ఆస్టిన్ కారు. పిల్లాడున్న ఇల్లు, ఏడాదికేడాది కాంట్రాక్టు మీద నడిచే జీతం, ఆమెకు బాగా తెలిసిన సంగతే కదా.

1962లో వాట్సన్, క్రిక్, విల్కిన్స్‌లకు నోబెల్ వచ్చింది. అదే ఏడాది క్లూగ్ గుంపు కేంబ్రిడ్జ్‌లోని మెడికల్ రీసెర్చ్ కౌన్సిల్ కొత్త ల్యాబ్‌కు మారింది, బ్రిటన్ ప్రభుత్వ డబ్బుకే తిరిగొచ్చిందన్నమాట. హోమ్స్ తర్వాత జర్మనీ వెళ్లి హైడెల్‌బర్గ్‌లో మాక్స్ ప్లాంక్ ఇన్‌స్టిట్యూట్ డైరెక్టర్ అయ్యాడు, టొబాకో మొజాయిక్ వైరస్‌ను మాత్రం వదల్లేదు. ఫించ్ కేంబ్రిడ్జ్‌లోనే క్లూగ్‌తో ఉండిపోయాడు. వైరస్‌లతో మొదలైన పనికి 1982లో క్లూగ్‌కు కెమిస్ట్రీ నోబెల్ వచ్చింది.